తొమ్మిదో పేరు

"ఆ తొమ్మిదో పేరు ఎవరిదయ్యా?"

అంబరో ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. నిన్న రెండుసార్లు అడిగింది. తెల్లవారి నేను నమాజు చాప మడుస్తుంటే ఒకసారి అడిగింది. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని, నా వైపు తిరగకుండా, పెనం మీద అట్టు పోస్తూ అడుగుతోంది.

నేను టీ తాగుతున్నాను. టీలో పంచదార లేదు. మా ఇంట్లో పంచదార లేని టీ వచ్చిందంటే అదొక కబురు.

"నిన్నే హిర్సీ. నిన్న ఈ వాకిట్లోనే కదా కూర్చున్నారు మీవాళ్ళంతా? ఇదిల్‌ని పెళ్ళికి అడగడానికి బయల్దేరబోతూ సుగుల్లెతో, ఒరే, ఒకసారి నీ తాతల పేర్లు చెప్పు, అక్కడ తడబడితే మా పరువు పోతుంది అన్నారు. చెప్పాడు. ఎనిమిది పేర్ల దాకా తలలూపారు. తొమ్మిదోది వెహ్లియె అనేసరికి మీవాళ్ళ పెద్ద సమతర్ బావ కర్ర నేలకు కొట్టాడు. అవునా?"

"అవును."

"మీ వంశంలో ఏ కొమ్మలోనూ ఆ పేరున్నవాడు పుట్టలేదన్నాడు. పుట్టనివాడు నీ కొడుకు నోట్లోకి ఎట్లా వచ్చాడు?"

నీ కొడుకు అంది. ఇరవైమూడేళ్ళుగా సుగుల్లె మా కొడుకు. ఒళ్ళు మండిన రోజున కూడా "నా కొడుకు" అనేది గానీ "నీ కొడుకు" అనలేదు.

గ్లాసు కింద పెట్టాను.

"సమతర్ బావ ఏమన్నాడో విన్నావుగా" అంది అంబరో. "ఇవాళ మధ్యాహ్నం నమాజు అయ్యాక వస్తాడు. ఆ వెహ్లియె ఎవడో చెప్తే సరి. చెప్పకపోతే ఆ పిల్ల వాకిలి తొక్కడు. ఆయన తొక్కకపోతే మీవాళ్ళలో ఒక్కడూ రాడు. పెళ్ళి పోయినట్టే. వాడికి ఇరవైఎనిమిదేళ్ళు. పాపం పిల్లాడు రాత్రి అన్నం ముట్టలేదు. నువ్వు మాత్రం గిన్నె ఊడ్చి తిన్నావు."

నేను తినలేదు. మా మేక తిన్నది. అయితే ఆ మాట అనేందుకు అది సమయం కాదు.

వాకిట్లో రేకుల కంచె పక్కన నీళ్ళ లారీ నిలబడి ఉంది. దాని కింద నుంచి సుగుల్లె పాదాలు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. తెల్లవారినప్పటి నుంచి ఏదో బిగిస్తున్నాడు. ఆ లారీకి బిగించాల్సింది ఏమీ లేదు. నిన్ననే నేను చూశాను.

లారీ కింద నుంచే అతని ఫోను మోగింది. తర్వాత ఇదిల్ గొంతు రికార్డు చేసి పంపిన మాట గట్టిగా వినిపించింది. "మీ పెద్దవాళ్ళ గొడవ తేలిందా? నేను పెళ్ళాడేది నిన్ను, మీ తొమ్మిదో తాతను కాదు. ఆయన బతికుంటే చెప్పు, ఆలోచిస్తాను."

పాదాలు కదిలాయి. నవ్వాడనుకుంటాను. తర్వాత మళ్ళీ ఇనుము మీద ఇనుము చప్పుడు.

అంబరో ఇంకో అట్టు పోసింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే నాకు భయం.

"ఆమే నేర్పింది కదూ?"

"ఎవరు?"

"ఎవరా? వాణ్ణి కన్నది. నీ రెండో పెళ్ళాం. మొగదిషులో కాపురం పెట్టి, నాకు ఒక్క ముక్క చెప్పకుండా, ఆమె చచ్చిపోయాక అయిదేళ్ళ పిల్లాణ్ణి లారీలోంచి దించి, 'నా కొడుకు, తల్లి లేదు' అన్నావే, ఆవిడ. ఆ పేరు ఆవిడ పుట్టింటివాళ్ళదే అయ్యుంటుంది. పొద్దున్నే నమాజు చాప మీద కూర్చుని నువ్వు గొణిగేది కూడా వాళ్ళ పేర్లే. నాకు తెలీదనుకున్నావా? పడక అవతల నుంచి రోజూ వింటూనే ఉన్నాను. చచ్చినదాని తాతలకు జపం చేసే మొగుణ్ణి నిన్నే చూశాను."

నా చెయ్యి దానంతటది జపమాల మీదికి పోయింది. మెడలో ఉంది. అందులో పన్నెండు పూసల దగ్గర ఎర్రదారం కట్టి ఉంటుంది.

అంబరో అంటే సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసే సుగంధం. ఆమెను కన్నవాళ్ళు ఆ వాసన చూసి పెట్టారు. కోపం వచ్చినప్పుడు వాసన ఉండదు, సముద్రం ఒక్కటే ఉంటుంది.

"ఒక్కమాట చెప్పు" అంది. "ఆవిడ వంట బాగా చేసేదా?"

"ఏమిటీ?"

"చెప్పవయ్యా. ఇరవైమూడేళ్ళ నుంచి మాంసంలో ఏలకులు రెట్టింపు వేస్తున్నాను. ఆవిడకంటే తక్కువ కాకూడదని. అదైనా చెప్పి చావు."

నాకు నవ్వు రావలసింది. కళ్ళు తడిశాయి. ముసలితనంలో ఏది ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు.

"ఆవిడ వంట నేను తినలేదు" అన్నాను.

"అబద్ధం."

"ఆవిడ నా పెళ్ళాం కాదు అంబరో."

లారీ కింద చప్పుడు ఆగింది.

*

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. మూడేళ్ళు బడికి పోయాను, ముప్ఫై ఏళ్ళు లారీ తోలాను. లారీలో నాతో మాట్లాడేవాళ్ళు ఉండేవారు కాదు. అందుకని ఆ పొద్దున నేను చెప్పినది ముక్కలు ముక్కలుగా వచ్చింది. అంబరో మధ్యమధ్య అడుగుతూ లాగింది. ఇక్కడ వరసగా రాస్తున్నాను.

యుద్ధం మొదలైన ఏడాది నేను జొన్న బస్తాలతో ఉత్తరానికి వస్తున్నాను. దారి పక్కన ఒక ఆడమనిషి చెయ్యెత్తింది. నీలం ముసుగు. చేతిలో పిల్లవాడి చెయ్యి. పేరు బర్ని అని చెప్పింది, అదొక రకం ఖర్జూరం పేరు. ఎవరి బిడ్డవు అన్నాను. తండ్రి, తాత, ముత్తాత అంటూ చెప్పుకుంటూ పోయింది. ఆరో తాత దగ్గర ఆమె పేర్లూ నా పేర్లూ కలిశాయి. మా ఇంటి ఆడపడుచే.

"మొగుడు?" అన్నాను.

"చంపేశారు. మనవాళ్ళే."

పిల్లవాడి వైపు చూశాను. మొగుడిది అవతలి వంశం. తల్లి ఎవరిదైనా బిడ్డ తండ్రి వంశానిదే.

"నిన్ను మనవాళ్ళేమీ చేయరు" అన్నాను. "వీణ్ణి మాత్రం..."

"తెలుసన్నా."

ఆ రోజుల్లో దారికి అడ్డంగా పీపాలు దొర్లించి, తుపాకులు పట్టుకుని నిలబడినవాళ్ళు మనిషిని పేరు అడిగేవారు కాదు. తాతల పేర్లు అడిగేవారు. మగబిడ్డకు మాట వచ్చిందంటే తాతలు కూడా వచ్చి ఉండాలి. అయిదేళ్ళవాడికి రాదంటే నమ్మరు. వస్తే చంపుతారు.

ముందున్న మావాళ్ళ పీపాలు రెండు గంటల దూరంలో ఉన్నాయి.

"మీ తాతల్ని వీడికి అరువివ్వన్నా" అంది బర్ని. "మా పుట్టింటి ఊరు చేరేదాకా. వీడి తాతలు నీ దగ్గర ఉంటారు. మళ్ళీ మార్చుకుందాం."

హిర్సి అంటే తాయెత్తు. నా పేరు ఆమె రెండుసార్లు పలికింది. "మంచి పేరు. వీడి మెడలో కట్టు" అంది.

అట్లా మొదలుపెట్టాం. నేను స్టీరింగు పట్టుకుని పిల్లవాడికి నా తాతల్ని చెప్పాను. హిర్సి, గేది, రోబ్లె, గూలేద్... ఆమె నాకు పిల్లవాడి తాతల్ని చెప్పింది. నేను ఒకటి ఇస్తే ఆమె ఒకటి ఇచ్చేది. పిల్లవాడు నాకంటే తొందరగా నేర్చాడు. నేను రోబ్లెకు "వానలో పుట్టినవాడు" అని చెప్తే, "తడిశాడా?" అని అడిగాడు.

పీపాల దగ్గర ఆపారు. ఒకడు తలుపు తీసి వాణ్ణి కిందికి దించాడు. తుపాకి వాడికంటే పొడుగుంది.

"చెప్పు."

సుగుల్లె చెప్పాడు. మేము నేర్పింది ఎనిమిది. ఎనిమిదీ చెప్పాడు.

"ఇంకా?"

వాడి దగ్గర ఇక లేవు. తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు, "వెహ్లియె" అన్నాడు.

సొంత తాత పేరు. తండ్రి తండ్రి. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి.

"వెహ్లియేనా? ఎవడు వాడు?" అన్నాడు తుపాకీవాడు.

నాకు ఆ ఒక్కసారే మాట తొందరగా వచ్చింది. "మా ఇంట్లో పిలిచే పేరు. అసలు పేరు వేరే. ఎప్పుడూ ఎవరో ఒకరికి తోడుండేవాడని అట్లా పిలిచేవాళ్ళు." మనలో పిలుపు పేరు లేనిది ఎవరికి? వాడి పక్కనున్నవాణ్ణి పిచ్చుక అనీ, ఇంకొకణ్ణి కుంటోడు అనీ పిలుస్తున్నారు. తల ఊపాడు. పోనిచ్చాడు. వాడి నోట తొమ్మిదో పేరుగా అదే నిలిచిపోయింది, తర్వాత నేను దిద్దలేదు.

బర్ని పుట్టింటి ఊరు చేరలేదు. జ్వరం వచ్చింది. దారిలో నీళ్ళ బావి ఉన్న ఒక ఊళ్ళో పదకొండు రోజులు లారీ ఆపాను. చివరి రోజున నా చేత పన్నెండు పేర్లూ చెప్పించుకుంది, తప్పుపోకుండా. "వీడు పెద్దవాడయ్యాక వీడివి వీడికి ఇచ్చెయ్యన్నా" అంది.

ఇస్తానన్నాను.

*

అట్టు మాడింది. ఇద్దరమూ చూడలేదు.

"నాకు సవతి లేదా?" అంది అంబరో.

"లేదు."

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా."

తన చేతుల వంక చూసుకుంది. పిండి ఎండి వేళ్ళకు అంటుకుని ఉంది.

"మరి ఇన్నేళ్ళూ నేను ఎవరి మీద పెట్టుకున్నానయ్యా ఈ కోపమంతా?"

పొయ్యి మీది పెనం నేనే దించాను.

"ఆ నీలం ముసుగు" అంది. "పెట్టెలో ఉందిగా. పిల్లాడికి తల్లి గుర్తు కదా అని ఏడాదికోసారి ఉతికి, సాంబ్రాణి పొగ పట్టి, మడత పెట్టేదాన్ని. ఉతికేటప్పుడు తిట్టేదాన్ని హిర్సీ. బండకేసి బాదుతూ తిట్టేదాన్ని. దిక్కులేని ఆడదాన్ని. చచ్చిపోయినదాన్ని. నీ నోరు పడిపోనూ, ఒక్కమాట చెప్పి ఉంటే?"

"ఆ రోజుల్లో సమతర్ మన ఇంట్లోనే తిండి తినేవాడు. తుపాకి ఆ మూల ఆనించి తినేవాడు. ఆయన తమ్ముణ్ణి పిల్లాడి తండ్రి వంశంవాళ్ళే చంపారు. నువ్వు వడ్డించేదానివి. నీ ముఖంలో ఏదీ దాగదు."

"తర్వాత? తుపాకులు పోయి పదిహేనేళ్ళయింది."

"తర్వాత..."

"చెప్పు."

"వాడు నన్ను నాన్నా అని పిలవడం అలవాటైంది."

అంబరో వేళ్ళకు ఎండిన పిండి గిల్లుకుంది. ఆమెకు పిల్లలు పుట్టలేదు. సుగుల్లె అంటే ఎదురుచూసి కన్నవాడు. ఊళ్ళో ఎవరైనా పిల్లవాడి పేరు అడిగితే, "నేను ఎదురుచూశాను, వచ్చాడు, అందుకే ఆ పేరు" అని చెప్పేది. ఆ పేరు పెట్టింది వేరే తల్లి, ఎదురుచూసింది వేరే ఇల్లు అని తెలిసి కూడా అట్లాగే చెప్పేది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో సుగుల్లె ఉన్నాడు. చేతులకు నూనె నల్లగా ఉంది. చేతులు శరీరానికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు, చిన్నప్పుడు బురదలో ఆడి వచ్చి తల్లి కేక కోసం నిలబడినట్టే.

"అయితే నేను ఎవర్ని?" అన్నాడు.

"సుగుల్లెవి."

"తర్వాత?"

 ఇరవైమూడేళ్ళుగా ఆ ప్రశ్నకు వాడే "హిర్సి" అని జవాబు చెప్పాడు. నా పేరు వాడి పేరు పక్కన ఎంత సుఖంగా కూర్చునేదో నాకు తెలుసు.

"లీబాన్" అన్నాను.

"తర్వాత?"

"వెహ్లియె."

వాడి పెదవులు కదిలాయి. శబ్దం లేదు. తొమ్మిదో చోట ఉన్న మనిషి లేచి వచ్చి రెండో చోట కూర్చున్నాడు.

"నాకు ఆయన ముఖం గుర్తులేదు నాన్నా" అన్నాడు. "భుజం గుర్తుంది. ఎవరిదో తెలియని భుజం ఒకటి ఎప్పుడూ గుర్తుంటుంది. నీదేమో అనుకునేవాణ్ణి."

"కాదు. నేను నిన్ను అట్లా ఎత్తుకోలేదు. నాకు నడుం నొప్పి."

అంబరో "చాల్లే" అంది, నన్ను. వాడి వైపు నడిచింది. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీళ్ళు పోయాలి" అన్నాడు. "మూడిళ్ళవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

లారీ స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. కంచె రేకులు దడదడలాడి, ఆగాయి.

*

"వస్తాడా?" అన్నాను కాసేపటికి.

"లారీ మనదే" అంది అంబరో. "నీళ్ళు పోసిన తర్వాత లారీ ఎక్కడ పెడతాడు?"

అట్లా అందిగానీ మూడుసార్లు వాకిట్లోకి వెళ్ళి దారి చూసింది. మూడోసారి లోపలికి వస్తూ పెట్టె తెరిచి, నీలం ముసుగు తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ గుడ్డను సవరిస్తూ ఏదో చెప్పుకుంది. నాకు వినపడేలా చెప్పలేదు. క్షమించమనే అయ్యుంటుంది, లేదా మాంసంలో ఏలకుల సంగతి.

ఎండ నడినెత్తికి రాకముందే లారీ చప్పుడు వినిపించింది.

సుగుల్లె చేతులు కడుక్కుని వచ్చాడు. నా ముందు నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

"ఒకింట్లో రెండుసార్లు పోశాను నాన్నా. తొట్టి పొంగి వాకిలంతా బురద. ఆ ముసలామె, నీ పెళ్ళికి మా వాకిలి కడుగుతున్నావా అని తిట్టింది."

"ఇదిల్‌తో చెప్పావా?" అంది అంబరో.

"చెప్పాను."

"ఏమంది?"

"మొదట, మళ్ళీ చెప్పు అంది. తర్వాత, అయితే నీకు ఇంకో పన్నెండుమంది తాతలు ఎక్కువా, అందరికీ నేనే అన్నం పెట్టాలా అంది. తర్వాత ఏడ్చింది. అమ్మ గురించి." ఒక్క క్షణం ఆగాడు. "ఆ అమ్మ గురించి."

అంబరో ముసుగు వాడి ఒళ్ళో పెట్టింది. "ఉతికాను" అంది, అంతే.

వాడు దాన్ని మడతల్లోంచి విప్పలేదు. దాని మీద చెయ్యి పెట్టి, "మిగతావి చెప్పు నాన్నా. సమతర్ పెదనాన్న వచ్చేలోపు నాకు అన్నీ రావాలి" అన్నాడు.

జపమాల మెడలోంచి తీశాను. ఎర్రదారం దగ్గర వేలు పెట్టాను. ఒక్కో పేరుకు ఒక్కో పూస.

"లీబాన్."

"లీబాన్" అన్నాడు.

"వెహ్లియె. అవాలె. అదృష్టం ఉన్నవాడని. దిరియె. హిలోలె."

వాడు వెనక అంటున్నాడు. రెండు గంటల దారిలో లారీలో అన్నట్టే. అప్పుడు నావి ఇచ్చాను, ఇప్పుడు వాడివి వాడికి తిరిగి ఇస్తున్నాను. ఒక్కో పూస వేళ్ళలోంచి జారుతుంటే చేతిలో బరువు తగ్గడం లేదు, పెరుగుతోంది. పన్నెండూ అయిపోతే నా దగ్గర ఏముంటుంది?

"గబోబె. షిర్వా."

ఎనిమిదో పూస మీద నా వేలు ఆగింది.

పేరు లేదు.

రోజూ తెల్లవారుజామున అన్న పేరు. ఎనిమిది వేలసార్లు అన్న పేరు. నోట్లోనే గొణిగాను. పైకి ఎప్పుడూ అనలేదు. పైకి అనేసరికి దారి తప్పింది. మళ్ళీ మొదటి పూస నుంచి వచ్చాను. షిర్వా దగ్గరికి వచ్చి మళ్ళీ ఆగాను. 

"పోనీలే నాన్నా, నెమ్మదిగా" అన్నాడు సుగుల్లె. వాడి గొంతులో భయం ఉంది. ఈ ఊళ్ళో ఆ పేర్లు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గొలుసులో ఒక లంకె పోతే అవతలున్నవాళ్ళంతా పోయినట్టే. రేపు వాడు తన వాళ్ళ వాకిట్లో నిలబడి తాతల్ని చెప్పేటప్పుడు అక్కడ ఆగిపోతే, వాడు ఎవరివాడూ కాడు.

"నేను బర్నికి మాట ఇచ్చాను" అన్నాను. "నేను..."

"రాగె" అంది అంబరో.

పొయ్యి దగ్గర నుంచి. పాలు పాడవకుండా పాలగిన్నెకు పొగ పెడుతూ. మా వైపు చూడలేదు.

"షిర్వా తర్వాత రాగె" అంది. "కాన్పు నెలలు దాటి ఆలస్యంగా పుట్టాడని పెట్టి ఉంటారు. పేరుకు తగ్గట్టే ఇప్పుడూ ఆలస్యంగానే వచ్చాడు. రాగె తర్వాత మతాన్. కవలల్లో ఒకడు. ఆ తర్వాత ఇంకో మూడు. కానివ్వండి, టైము లేదు."

నేను ఆమెనే చూస్తున్నాను.

"ఏమిటట్లా చూస్తావు? ఇరవైమూడేళ్ళు పక్కనే పడుకుని విన్నాను. సవతి తాతలనుకుని పళ్ళు నూరుతూ విన్నాను. కోపంగా విన్నది మనిషి మరిచిపోతాడా?"

సుగుల్లె తల వంచాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు కనబడలేదు. నీలం ముసుగు ముఖానికి అడ్డంగా ఉంది.

మిగతా పేర్లు నేనూ అంబరో కలిసి చెప్పాం. ఒకటి నేను, ఒకటి ఆమె. వాడు అన్నీ వెనకే అన్నాడు. తర్వాత ఒక్కడే మొదటి నుంచి చివరి దాకా అన్నాడు. ఎక్కడా ఆగలేదు.

 అడగవలసింది ఒక్కటే మిగిలింది. నాకు అడిగే ధైర్యం లేదు. తల్లి వంశంవాణ్ణి నేను. వరసకు వాడి మేనమామను. ఇక వాడు నన్ను ఏమని పిలవాలో అందరికీ తెలుసు. మా వాళ్ళలో పసిపిల్లవాడు కూడా ఆ వరస తప్పు పిలవడు.

మసీదులో నమాజు అయిపోయిన అలికిడి. వీధిలో చెప్పుల చప్పుడు. వాటి మధ్య ఒక కర్ర చప్పుడు.

"పెదనాన్నే" అన్నాడు సుగుల్లె. లేచాడు. ముసుగు అంబరో చేతికిచ్చాడు.

"నువ్వు లోపలికి పో" అన్నాను. "నేను చెప్తాను. ఆ పని చేసింది నేను."

"నువ్వు చెప్తే సాయంత్రమవుతుంది" అంది అంబరో.

సమతర్ వాకిట్లోకి వచ్చాడు. గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం, తెల్లటి టోపీ. వరసకు నాకు అన్న, ఆరేళ్ళు పెద్ద. ఆయన తమ్ముణ్ణి పూడ్చిన రోజున నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత ఆ వంశం పేరు ఎవరి నోట వినబడినా ఆయన సగం తాగిన టీ వదిలి లేచిపోవడం ఊరందరికీ తెలుసు.

సలాం అన్నాడు. సలాం అన్నాం.

"ఏమిరా మూగోడా" అన్నాడు నాతో. "ఆ వెహ్లియె ఎవడో దొరికాడా?"

నేను నోరు తెరిచాను. సుగుల్లె నా ముందుకు వచ్చాడు.

"దొరికాడు" అన్నాడు. "రా మామా, కూర్చో."

సమతర్ కర్ర మధ్యలోనే ఆగిపోయింది.

అయిదేళ్ళ వయసు నుంచి పెదనాన్నా అని పిలిచిన నోరు. ఆ పిలుపు మారితే ఏం మారిందో వేరే చెప్పనక్కర లేదు.  ముసలాయన నన్ను చూశాడు, అంబరోను చూశాడు, మళ్ళీ వాణ్ణి చూశాడు.

"ఏమన్నావు?"

"మామా అన్నాను. మా అమ్మ మీ ఇంటి ఆడపడుచు. ఆరో తాత దగ్గర మీతో కలుస్తుంది. మా నాన్నవైపువాళ్ళు వేరే. పన్నెండు పేర్లు ఉన్నాయి. నువ్వు కూర్చుంటే చెప్తాను. వింటే నీకు కోపం వస్తుంది. విని, ఆ తర్వాత కోప్పడు."

"ఏ వంశం?" అన్నాడు సమతర్. తెలుసు ఆయనకు. తెలిసే అడిగాడు.

"వాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి. దొరికేదాకా నాకు మేనమామలే పెద్ద దిక్కు. ఇదిల్‌ని అడగడానికి మేనమామగా నువ్వే రావాలి మామా. నేను అడిగేది అదే."

వీధిలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. అంబరో టీ గిన్నెలో పంచదార వేస్తున్న చప్పుడు. ఒక చెంచా, రెండు, మూడు. నాకు లెక్క తప్పింది.

సుగుల్లె వెనక్కి తిరిగి నా వైపు చెయ్యి చాచాడు.

"నాన్నా, ఆ తోలుపీట ఇలా అందుకో" అన్నాడు.

అందించాను.  వాడు పీట అందుకుంటూ నా వేళ్ళను ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలాడు. పీట తీసుకెళ్ళి సమతర్ కాళ్ళ ముందు పెట్టాడు. మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"సుగుల్లె" అని మొదలుపెట్టాడు. "లీబాన్. వెహ్లియె..."

సమతర్ పీట వంక చూశాడు. కూర్చోలేదు. వెళ్ళిపోనూ లేదు.